కల్లం దుమ్ము నుంచి కోళ్ల షెడ్డు ఘాటు దాకా: వ్యవసాయ కూలీలు ఊపిరితిత్తులను కాపాడుకోవడానికి సమగ్ర మార్గదర్శి

వరి కోతలు మొదలై వారం తిరిగేసరికి కల్లాల్లోనూ ధాన్యం కొనుగోలు కేంద్రాల్లోనూ పనిచేసేవారికి దగ్గు పట్టుకుంటుంది. దాన్ని దుమ్ము దగ్గు అని తేల్చేసి, ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే పోతుందని సర్దుకుపోవడం మన పల్లెల్లో అలవాటు. బెల్లం గొంతుకు హాయినిస్తే ఇవ్వవచ్చు గానీ, మింగినది అన్నవాహికలోకి పోతుంది, పీల్చినది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. లోపలి గాలి గదులకు చేరిన బూజు రేణువును ఏ బెల్లమూ బయటికి తేలేదు. అసలు అన్ని దగ్గులూ ఒకటి కావు. వడ్ల నూగు చేసే హాని వేరు, తడిసి ముక్కిన ధాన్యం చేసే హాని వేరు, మిరప ఘాటు వేరు, పురుగుమందు ఆవిరి వేరు. ఒకే తువ్వాలును ముఖానికి చుట్టుకుని వీటన్నింటినీ ఎదుర్కోవచ్చనుకోవడం వల్లే చాలా నష్టం జరుగుతోంది. ఈ మార్గదర్శి కూలీలకు, హమాలీలకు, వారిని పనికి తీసుకెళ్లే మేస్త్రీలకు, పని చేయించుకునే రైతులకు ఉద్దేశించినది.

మొదటి అడుగు: మీరు పీలుస్తున్నది ఏమిటో గుర్తించండి

మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 10 మైక్రాన్లకు మించిన రేణువులు చాలావరకు ముక్కులో, గొంతులో చిక్కుకుని చీమిడిగా, కఫంగా బయటికి వస్తాయి. నాలుగైదు మైక్రాన్ల కంటే చిన్నవి మాత్రం నేరుగా గాలి గదుల దాకా వెళ్లిపోతాయి. బూజు పట్టిన గడ్డిలో, ధాన్యంలో పెరిగే సూక్ష్మజీవుల బీజాలు కొన్ని ఒక మైక్రాన్ అంతే ఉంటాయి. అందువల్ల ఎండలో తెరలాగా కనిపించే దుమ్ము కన్నా, కంటికి ఆనని దుమ్మే ఎక్కువ లోతుకు దిగుతుంది. దుమ్ము కనబడటం లేదు కాబట్టి ప్రమాదం లేదని ఎవరూ అనుకోకూడదు.

ఎండిన, శుభ్రమైన వడ్లను తూర్పారబట్టేటప్పుడు లేచే దుమ్ములో నూగు, తాలు ముక్కలు, మట్టి, పురుగుల అవశేషాలు ఉంటాయి. ఇవి ముక్కు కారడం, తుమ్ములు, కళ్ల మంట, దగ్గు కలిగిస్తాయి. ఉబ్బసం ఉన్నవారికి దాన్ని రేపుతాయి, లేనివారిలో కొందరికి కొత్తగా తెచ్చిపెడతాయి. ఇదేమీ కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. ధాన్యాన్ని జల్లించేవారికీ కొలిచేవారికీ ఆయాసం వస్తుందని ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని 1700లోనే రాశాడు.

తడిసిన ధాన్యం సంగతి ఇంతకన్నా తీవ్రమైనది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోసిన వరి తడిసిపోయినట్లే, అకాల వర్షాలకు పనలు, రాశులు తడవడం మనకు తరచూ జరిగేదే. తడిసిన రాశి లోపల వేడెక్కుతుంది. చెయ్యి పెడితే కాలినట్లు తెలుస్తుంది. ఆ వేడికి ప్రత్యేకమైన సూక్ష్మజీవులు, బూజు విపరీతంగా పెరుగుతాయి. తర్వాత ఎండబెట్టి, ఆ రాశిని తిరగేసినప్పుడు తెల్లటి పొగలాంటి పొడి లేస్తుంది. ఆ పొడిని మాటిమాటికీ పీల్చేవారిలో కొందరి ఊపిరితిత్తులు దానిపై తిరగబడి వాచిపోతాయి. దీన్నే వైద్యులు ఫార్మర్స్ లంగ్ అంటారు. బూజు పట్టిన ఎండుగడ్డితో పనిచేసిన రైతుల్లో ఈ జబ్బును 1932లో ఇంగ్లండులో క్యాంప్‌బెల్ అనే వైద్యుడు వర్ణించాడు. మన గడ్డివాముల్లో అడుగున ముక్కిపోయిన గడ్డిని లాగేవారికి కూడా ఇదే ప్రమాదం ఉంది.

రెండో అడుగు: లక్షణం ఎప్పుడు వచ్చిందో రాసిపెట్టుకోండి

నా దృష్టిలో ఈ మార్గదర్శి మొత్తంలో ఇంతకన్నా విలువైన పని లేదు, దీనికి పైసా ఖర్చు కూడా లేదు. చాలామంది పనిచోట బాగానే ఉండి, రాత్రికి జబ్బు పడతారు. అందుకే పనికీ జబ్బుకీ ఉన్న ముడి వారి కంటపడదు.

మిరప ఘాటు, కోళ్ల షెడ్డులోని అమోనియా వాయువు, శుభ్రమైన ధాన్యం దుమ్ము చాలావరకు అక్కడికక్కడే బాధిస్తాయి. బయటికి రాగానే తగ్గుముఖం పడుతుంది. ఫార్మర్స్ లంగ్ అలా కాదు. బూజు దుమ్ము పీల్చిన నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు, పొడి దగ్గు, ఆయాసం మొదలవుతాయి. పొద్దున పనిచేసిన మనిషి సాయంత్రం దుప్పటి కప్పుకుంటాడు. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది, మళ్లీ పనికి వెళ్లగానే తిరగబెడుతుంది. దీన్ని మలేరియా అనో టైఫాయిడ్ అనో అనుకుని ఊళ్లోనే సెలైన్ పెట్టించుకుని, యాంటీబయాటిక్స్ వాడి, జ్వరం తగ్గగానే మందు పనిచేసిందని నమ్మేవారున్నారు. నిజానికి తగ్గించినది విశ్రాంతి, అంటే దుమ్ముకు దూరంగా గడిపిన ఆ రెండు రోజులు. ఇలా ఏళ్ల తరబడి సాగితే ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడతాయి, అప్పుడు వాటిని మునుపటి స్థితికి తేవడం సాధ్యం కాదు.

పత్తి దుమ్ముది ఇంకో తీరు. ఆదిలాబాద్, వరంగల్, గుంటూరు, ఆదోని ప్రాంతాల జిన్నింగ్ మిల్లులలో పనిచేసేవారికి సెలవు తర్వాత తొలి రోజున ఛాతీ పట్టేసినట్లు ఉండి, వారం గడిచేకొద్దీ తగ్గడం బిస్సినోసిస్ అనే జబ్బుకు తొలి గుర్తు. 'అలవాటు పడ్డాక తగ్గిపోతుందిలే' అనే మాట ఈ జబ్బు విషయంలో మోసం చేస్తుంది, ఎందుకంటే ఆ తగ్గడమే జబ్బు లక్షణం.

కాబట్టి ఒక చిన్న నోటు పుస్తకంలో నాలుగు సంగతులు రాయండి: ఆ రోజు చేసిన పని, ధాన్యం లేదా పంట ఎండుగా ఉందా ముక్కిందా, దగ్గు ఆయాసం జ్వరం ఏ వేళకు వచ్చాయి, పని లేని రోజున ఎలా ఉంది. రాయడం రానివారికి బడికి వెళ్లే పిల్లలు రాసిపెట్టగలరు. రెండు మూడు వారాల రాతతో వైద్యుడికి సగం పని అయిపోతుంది.

మూడో అడుగు: దుమ్మును పుట్టినచోటే తగ్గించండి

మాస్కు గురించి మాట్లాడే ముందు ఇది జరగాలి. దుమ్ము లేవకుండా చూడటం రైతు, మేస్త్రీ, యంత్రం యజమాని చేతుల్లో ఉన్న పని. మాస్కు పెట్టుకోలేదని కూలీ మీద నెట్టేయదగినది కాదు.

వరి విషయంలో మొదటి జాగ్రత్త తేమ. ధాన్యాన్ని నిల్వ చేసే ముందు తేమ 14 శాతం లోపుకు, ఎక్కువ కాలం ఉంచాలంటే ఇంకా కిందికి దించాలి. ప్రభుత్వ కొనుగోలుకు అనుమతించే 17 శాతం తేమ అమ్మకానికి సరిపోతుందే తప్ప, ఇంట్లో నెలల తరబడి నిల్వ ఉంచడానికి సరిపోదు. తడిసిన రాశిని కుప్పగా వదిలేయకుండా ఆ రోజే పలుచగా పరిచి, తరచూ తిరగేయాలి. ఒకసారి బూజు పట్టిన దాన్ని మాత్రం మంచి ధాన్యంతో కలిపి తూర్పారబట్టకూడదు. విడిగా, ఆరుబయట, తక్కువ మందితో, మాస్కు పెట్టుకునే కదిలించాలి. ముక్కిన గడ్డిని లాగే ముందు దానిపై కొంచెం నీళ్లు చల్లితే పొడి అణుగుతుంది.

తూర్పారబట్టేటప్పుడు గాలి వీపుకు తగిలేలా నిలబడాలి. పాతవారికి ఇది చెప్పనక్కర్లేదు, కానీ ఇప్పుడు ఫ్యాన్లతో, ప్యాడీ క్లీనర్లతో పని జరుగుతున్నప్పుడు యంత్రాన్ని ఎటు తిప్పి పెట్టారన్నది ఎవరూ పట్టించుకోవడం లేదు. ఒక కొనుగోలు కేంద్రంలో నాలుగు క్లీనర్లు పక్కపక్కనే ఉంటే, ఒకదాని పొల్లు ఇంకొకదాని దగ్గర బస్తాలు పట్టే హమాలీ ముఖాన పడుతుంది. యంత్రాల పొల్లు గొట్టాలన్నీ గాలి వాలుకు ఒకే దిక్కుకు ఉండేలా, బస్తాలు కుట్టేచోటు ఎగువన ఉండేలా అమర్చితే మనిషి పీల్చే దుమ్ము ఎంతో తగ్గుతుంది. కల్లం ఊడ్చే ముందు నేల మీద నీళ్లు చల్లాలి. ధాన్యం ఉన్నచోట అది కుదరదు కాబట్టి, ధాన్యం ఎత్తాక చల్లి ఊడ్వాలి. వరికోత మిషన్‌కు క్యాబిన్ ఉంటే అద్దాలు మూసి, ఏసీ ఫిల్టరును తరచూ శుభ్రం చేయాలి. బట్టలకు అంటిన దుమ్మును కంప్రెసర్ గాలితో కొట్టించుకోవద్దు. అది ఉన్న దుమ్మును మళ్లీ పీల్చుకోవడమే.

గుంటూరు మిర్చి యార్డులో, వరంగల్ ఎనుమాముల మార్కెట్లో, ఖమ్మంలో మిరప పని వేరే జాగ్రత్తను కోరుతుంది. మిరపలోని క్యాప్సైసిన్ ముక్కు, గొంతు, శ్వాసనాళాల్లోని నొప్పి నరాలను నేరుగా రెచ్చగొడుతుంది, అందుకే తెరిపి లేని దగ్గు వస్తుంది. తొడిమలు తీసే ఆడకూలీలు గాలి ఆడని రేకుల గదిలో కాక పందిరి కింద కూర్చునేలా చూడాలి. బస్తాలను ఎత్తి పడేయడం, కాళ్లతో తొక్కి నింపడం జరిగేచోటికి వారిని దూరంగా కూర్చోబెట్టాలి. క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు. చేతులకు ముందు కాస్త నూనె రాసి, తర్వాత సబ్బుతో కడిగి, ఆ తర్వాతే ముఖం మీద చెయ్యి పెట్టుకోవాలి. నిజామాబాద్, దుగ్గిరాల ప్రాంతాల్లో పసుపు కొమ్ములను పాలిష్ పట్టే డ్రమ్ముల దగ్గర కూడా ఇదే సూత్రం: డ్రమ్ము ఆరుబయట, మనిషి గాలికి ఎగువన.

కోళ్ల షెడ్డులో దుమ్ముతో పాటు అమోనియా ఉంటుంది. లిట్టరు, అంటే కోళ్ల కింద పరిచే ఊక, తడిసేకొద్దీ అది పెరుగుతుంది. లోపలికి అడుగుపెట్టగానే కళ్లు మండి నీళ్లు కారితే అమోనియా ఇప్పటికే మనుషులకూ కోళ్లకూ మంచిది కాని స్థాయిలో ఉందని అర్థం. కోళ్లు నీళ్లు తాగే గొట్టాల కారుడును ఆపి, తడిసిన ఊకను మార్చి, పరదాలు ఎత్తి, కొంతసేపటి తర్వాతే లోపలికి వెళ్లాలి. చలికాలంలో కోడిపిల్లల వెచ్చదనం కోసం పరదాలు మూసేసినప్పుడే కూలీలు ఎక్కువ బాధపడతారు.

నాలుగో అడుగు: మాస్కును సరిగ్గా ఎంచుకుని, సరిగ్గా తొడుక్కోండి

చీర కొంగు, తువ్వాలు పెద్ద పొల్లును ఆపుతాయి, సన్న దుమ్మును ఆపవు. ఆసుపత్రుల్లో వాడే నీలం రంగు సర్జికల్ మాస్కుకు పక్కల నుంచి గాలి జొరబడుతుంది. ధాన్యం, బూజు, పత్తి, మిరప, లిట్టరు పనులకు సన్న దుమ్మును వడపోసే ఎన్95 లేదా ఎఫ్ఎఫ్‌పీ2 రకం కావాలి. కొనేటప్పుడు ఐఎస్‌ఐ గుర్తుతో పాటు ఐఎస్ 9473 అనే ప్రమాణం సంఖ్య ఉందేమో చూడండి. చెవులకు తగిలించుకునే రకం కన్నా తల వెనుక రెండు పట్టీలు వచ్చే రకం ముఖానికి గట్టిగా అతుక్కుంటుంది.

పెట్టుకునే పద్ధతి ఇది. మాస్కును అరచేతిలో బోర్లించి, ముక్కు పట్టీ పైకి ఉండేలా గడ్డం కింద నుంచి ముఖానికి ఆనించాలి. పై పట్టీని నడినెత్తి వెనక్కి, కింది పట్టీని చెవుల కిందుగా మెడ వెనక్కి వేసుకోవాలి. రెండింటినీ ఒకేచోటికి చేర్చకూడదు. ముక్కు మీది లోహపు పట్టీని రెండు చేతుల వేళ్లతో రెండు పక్కలా ఒత్తాలి. ఒక చేత్తో నొక్కితే మధ్యలో మడత పడి సందు మిగులుతుంది. తర్వాత రెండు అరచేతులతో మాస్కును కప్పి గట్టిగా గాలి వదలండి. కళ్ల వైపుగానీ చెంపల వైపుగానీ గాలి తగిలితే మళ్లీ సర్దాలి. గాలి పీల్చినప్పుడు మాస్కు కొద్దిగా లోపలికి అణిగితే సరిగ్గా కూర్చున్నట్లు. గడ్డం పెంచిన ముఖానికి ఏ మాస్కూ పూర్తిగా అతుక్కోదు. చీర కొంగును మాస్కు మీదుగా కప్పుకోవచ్చు, కిందుగా పెట్టుకుంటే మాత్రం సందు ఏర్పడుతుంది.

ఊపిరి తీయడం కష్టమైనప్పుడు, తడిసినప్పుడు, ఆకారం పోయినప్పుడు మార్చాలి. దీన్ని ఉతకకూడదు, ఉతికితే వడపోత శక్తి పోతుంది. ఎండ వేళ మాస్కుతో బరువు పని చేయడం కష్టమన్నది నిజమే; అందుకు పరిష్కారం మాస్కు తీసేయడం కాదు, దుమ్ము పనిని తెల్లవారుజామున, సాయంత్రం పెట్టుకోవడం, నీడలో దుమ్ముకు దూరంగా విరామం ఇవ్వడం. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారిని దుమ్ము పనికి పెట్టకపోవడమే మేలు.

ఐదో అడుగు: పిచికారీ వేళ

ఎన్95 మాస్కు తుంపరలోని బిందువులను కొంత ఆపుతుంది, మందు ఆవిరిని ఆపదు. ఘాటైన మందులకు ఆవిరిని పీల్చుకునే బొగ్గు క్యాట్రిడ్జి, దానిపైన దుమ్ము వడపోత ఉన్న సగం ముఖం మాస్కు కావాలి. మాస్కులోంచి మందు వాసన తెలుస్తోందంటే క్యాట్రిడ్జి అయిపోయినట్లే. డబ్బా మీది ముక్కోణం రంగును చూసుకోండి: ఎరుపు అత్యంత విషపూరితం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉంటే ప్రమాదమే లేదని కాదు.

అన్నింటికన్నా ప్రమాదకరమైన ఘడియ మందు కలిపేటప్పుడు. చిక్కటి మందును డబ్బా మూత తీసి, ముఖం వంచి, బకెట్లోకి ఒంపే ఆ కొద్ది నిమిషాల్లోనే ఎక్కువ ఆవిరి పీలుస్తాం. ఆరుబయట, గాలి వీపుకు తగిలేలా నిలబడి, డబ్బాను నడుము ఎత్తు కన్నా కిందనే ఉంచి, కర్రతో కలపాలి. గాలికి ఎదురుగా పిచికారీ చేయకూడదు. మూసుకున్న నాజిల్‌ను నోటితో ఊదకూడదు. పత్తి, మిరప చేలు ఛాతీ ఎత్తుకు పెరిగినప్పుడు తడిసిన సాలులోంచి ముందుకు నడవకుండా, తుంపరను పక్కకు వదులుతూ సాగాలి. మందులతో పనిచేసేవారికి రక్షణ దుస్తులు, శ్వాస పరికరాలు సమకూర్చాలని 1971 నాటి కీటకనాశినుల నియమాలు చెబుతున్నాయి. కూలీ అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

పారాక్వాట్ అనే కలుపు మందు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దీనికి విరుగుడు లేదు. కడుపులోకి పోతే రోజుల వ్యవధిలో ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. దీన్ని నీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఉంచడం ప్రాణాలతో చెలగాటం.

ఆరో అడుగు: దిగకూడని చోట్లు

గోబర్ గ్యాస్ గుంత, పేడ నీళ్ల తొట్టి, చాలాకాలంగా వాడని బావి, మూసి ఉంచిన గాదె. వీటిలో దుమ్ము కాదు సమస్య, గాలే ఉండదు లేదా విషవాయువు ఉంటుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. మోతాదు పెరిగాక ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. అంటే వాసన పోయిందంటే ప్రమాదం పోయిందని కాదు, పెరిగిందని అనుమానించాలి. దీపం దించి చూసే పాత పద్ధతి ఆక్సిజన్ తక్కువైన సంగతి చెప్పగలదేమో గానీ విషవాయువు సంగతి చెప్పదు, గోబర్ గ్యాస్ ఉన్నచోట నిప్పంటుకుంటుంది కూడా. ఏ ఎన్95 మాస్కూ ఇక్కడ పనికిరాదు. ఒకరు లోపల పడిపోతే కాపాడటానికి దిగిన రెండో మనిషి, మూడో మనిషి కూడా చనిపోవడం ఇలాంటి ప్రమాదాల్లో పదేపదే జరిగేది. దిగకండి, 101కు ఫోన్ చేసి అగ్నిమాపక సిబ్బందిని పిలవండి.

ధాన్యానికి పురుగు పట్టకుండా పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను మనుషులు నిద్రించే ఇంట్లో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టవద్దు. 3 గ్రాముల బిళ్ల గాలిలోని తేమతో కలిసి సుమారు 1 గ్రాము ఫాస్ఫీన్ విషవాయువును వదులుతుంది. ఇది గోడ సందుల్లోంచి పక్క గదికి పాకుతుంది, దీనికీ విరుగుడు లేదు. వీటి వాడకాన్ని ప్రభుత్వం శిక్షణ పొందిన నిపుణులకే పరిమితం చేసింది.

ఏడో అడుగు: ప్రాణాపాయ ఘడియల్లో

పురుగుమందు పిచికారీ చేసిన మనిషికి చొంగ, చెమట విపరీతంగా కారుతూ, కంటిపాపలు చుక్కల్లా కుదించుకుపోయి, ఛాతీలో గురగుర వినిపిస్తే అది విషప్రభావం. అతన్ని చేను నుంచి గాలి ఆడేచోటికి తెచ్చి, తడిసిన బట్టలు విప్పి, సబ్బు నీళ్లతో ఒళ్లు కడగాలి. కడిగేవారు తమ చేతులకు తొడుగులు వేసుకోవాలి. స్పృహ తప్పితే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. చింతపండు నీళ్లు, ఉప్పు నీళ్లు, మజ్జిగ పోసి వాంతి చేయించడం మానండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కు ఫోన్ చేసి, మందు డబ్బానూ దాని మీది కాగితాన్నీ వెంట తీసుకెళ్లండి. ఏ మందో తెలిస్తేనే వైద్యుడు సరైన చికిత్స ఎంచుకోగలడు. ఆక్సిజన్ ఇవ్వాలా వద్దా అన్నది కూడా దాన్ని బట్టే ఉంటుంది, ఎందుకంటే పారాక్వాట్ తాగినవారికి అవసరం లేకుండా ఆక్సిజన్ ఇస్తే ఊపిరితిత్తుల నష్టం పెరుగుతుంది.

ఎనిమిదో అడుగు: ఆసుపత్రిలో ఏం చెప్పాలి, ఏం అడగాలి

'దగ్గు వస్తోంది' అని మాత్రమే చెబితే దగ్గు మందే రాస్తారు. ఏ పని చేస్తారో, ఎన్నేళ్లుగానో, ఏ రోజున ఎక్కువవుతుందో నోటు పుస్తకం తీసి చూపించండి. రెండు వారాలు దాటిన దగ్గుకు ముందుగా క్షయ పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో తెమడ పరీక్ష, చికిత్స ఉచితం. క్షయ లేదని తేలాక ఊరుకోకుండా స్పైరోమెట్రీ చేయమని అడగాలి. గట్టిగా ఊదించి ఊపిరితిత్తుల సామర్థ్యాన్ని కొలిచే ఆ పరీక్ష ఉబ్బసాన్ని, సీఓపీడీని (శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బును) పట్టిస్తుంది. ఫార్మర్స్ లంగ్ అనుమానం ఉంటే సీటీ స్కాన్ అవసరం కావచ్చు, మామూలు ఎక్స్‌రేలో అది కనబడకపోవచ్చు.

పని వల్లే ఉబ్బసం వస్తోందో లేదో తేల్చుకోవడానికి పీక్ ఫ్లో మీటర్ అనే చిన్న గొట్టం చాలు. రోజుకు నాలుగు సార్లు, ప్రతిసారీ మూడు మార్లు ఊది, అందులో ఎక్కువ వచ్చిన అంకెను రాసుకోవాలి. పని ఉన్న రెండు వారాలు, పని లేని కొన్ని రోజులు ఇలా చేస్తే, పని రోజుల్లో అంకె పడిపోవడం, సెలవుల్లో లేవడం కాగితం మీదే కనిపిస్తుంది.

ఇన్హేలర్ మొదలుపెడితే అలవాటైపోతుందన్న భయం మన ఊళ్లలో బలంగా ఉంది. ఆ భయంతో మాత్రలు, ఇంజెక్షన్లు వాడేవారి శరీరమంతటికీ ఎక్కువ మందు చేరుతుంది. ఇన్హేలర్ తక్కువ మందును నేరుగా ఊపిరితిత్తులకు చేరుస్తుంది. చుట్ట, బీడీ తాగేవారికి దుమ్ము చేసే హాని మరింత పెరుగుతుంది. కట్టెల పొయ్యి పొగ పీల్చే ఆడకూలీలకు పగలు చేను దుమ్ము, పొద్దున సాయంత్రం ఇంటి పొగ రెండూ కలుస్తాయి కనుక ఆ సంగతి కూడా వైద్యుడికి చెప్పాలి.

ఫార్మర్స్ లంగ్ అని నిర్ధారణ అయినవారు మాస్కు ధైర్యంతో ముక్కిన ధాన్యం దగ్గరికి మళ్లీ వెళ్లకూడదు. నాట్లు, కలుపు, నీళ్లు కట్టడం లాంటి పనులకు వారిని మార్చే బాధ్యత మేస్త్రీ తీసుకోవాలి, కోతల కాలంలో కూలి తగ్గకుండా ఆ మార్పు జరగాలి. కూలి తెగిపోతుందన్న భయం ఉన్నంతకాలం ఎవరూ తమ ఆయాసాన్ని బయటికి చెప్పరు. ఉబ్బసం ఉన్నవారు నూర్పిళ్లకు రెండు వారాల ముందే వైద్యుణ్ణి కలిసి, నివారణ ఇన్హేలర్ మోతాదు సరిచూసుకుని, అత్యవసర ఇన్హేలర్‌ను కల్లానికి వెంట తీసుకెళ్లాలి, అది ఎక్కడ పెట్టారో పక్కన పనిచేసే ఇద్దరికైనా చూపించి ఉంచాలి.